చెడుతనమును ద్వేషించి చెడిపోయిన దూత

చదువవలసిన వాక్యభాగములు: 2 రాజులు 9, 10 అధ్యాయములు, మార్కు 3:1-6, లూకా 9:51-56, యోనా 4వ అధ్యాయము



చెడుతనమును ప్రేమించి చెడిపోయినవారిని గూర్చి మనము చాల ప్రసంగములు వింటిమి. వెండి నాణెములకు ఆశపడిన యూదా, సింహాసనము పోవునేమో యని కుమిలి పాడైన సౌలు, లోకమును స్నేహించి పౌలును విడిచిపోయిన దేమా, వీరి సంగతి సండే స్కూలు పిల్లలకును తెలియును. అయితే చెడుతనమును ద్వేషించి చెడిపోయినవారు ఉందురా? పాపముమీద గల కోపమే ఒకని పాపమునకు అప్పగింపగలదా? ఈ ప్రశ్న మనము తరచుగా అడుగము. పాపమును ద్వేషించుట మంచిదని చిన్ననాటనే నేర్చుకొంటిమి గనుక, ఆ మంచికి హద్దెక్కడ అని అడుగుట మనకు తోచదు.

ఈ నెల ఈ సంగతిని ఒక ఆటలోని పాత్రద్వారా విచారింతము. ఆ పాత్ర పేరు జారియెల్. ఆమె నరకములో ఒక సంస్థానమునకు ఏలిక. దయ్యపు దొరసాని కథ సంఘపత్రికలో ఏల యని పెద్దలు కొందరు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. కాని పౌలు ఏథెన్సు పట్టణములో అన్యుల బలిపీఠమునొద్ద నిలిచి, దానిమీద వ్రాసినదానిని చదివి, అక్కడనుండియే తన బోధ నారంభించెను. చదివిన తరువాత మాటలాడెను గాని చదువకముందు కాదు. నేడు పట్టణములలో చదువుకొను మన పిల్లలు కొందరు కంప్యూటరులలో ఈ కథలను ఎరిగియున్నారు. తలిదండ్రులు పేరు మాత్రమే విని భయపడుటకంటె, కథయేమో తెలిసికొనుట మేలు.

ఆ ఆటను డంజన్స్ అండ్ డ్రాగన్స్ అందురు. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు అమెరికా దేశస్థులు దానిని 1974లో వెలువరించిరి. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. వారిలో ఒకడు కథ నడుపును. తక్కినవారు తలకొక వేషము పూనుదురు. ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు వైద్యము చేయు గురువు. మీ యెదుట నది యున్నది, వంతెన కూలినది, ఏమి చేయుదురు అని కథకుడు అడుగును. వారు ఆలోచించి చెప్పుదురు. ఫలము నిశ్చయముగా తెలియనప్పుడు ఇరువది ముఖములుగల పాచిక వేసి, పడిన సంఖ్యనుబట్టి కథ సాగింతురు. ముందుగా వ్రాసిన సంభాషణలు లేని నాటకమువంటిది. పాచిక అనగానే మనవారికి జూదము తలంపునకు వచ్చును గాని, ఇందులో పందెము లేదు. చీట్లు వేయుట యంతయు ఒక్కటి కాదుగదా; సిలువయొద్ద సైనికులు ప్రభువు అంగీకొరకు చీట్లు వేసిరి, కొన్ని దినములకే అపొస్తలులు మత్తీయ నిమిత్తము చీట్లు వేసిరి.

ఈ ఆటలోని దయ్యముల పేళ్లు పలుచోట్లనుండి తెచ్చినవి. 1977లో అచ్చయిన వారి భూతముల గ్రంథములో అస్మోదియస్, బయెల్జెబూలు మొదలగు దొరలున్నారు. మొదటి పేరు మన బైబిలులో చేర్చని తోబితు గ్రంథములోనిది. రెండవది సువార్తలలో పరిసయ్యులు ప్రభువుమీద నింద మోపుటకు వాడిన పేరు. దీనిచేత 1980వ దశకములో అమెరికా సంఘములలో గొప్ప కలవరము పుట్టెను. ఆత్మహత్య చేసికొనిన తన కుమారుని దుఃఖములో ఒక తల్లి 1983లో ఈ ఆటకు ప్రతికూలముగా ఒక సమాజమునే స్థాపించెను. ఆటయే అట్టి మరణములకు కారణమని ఋజువు కాలేదు. అయినను ఆ తల్లి దుఃఖమును చూచి నవ్వువారితో నాకు పాలు లేదు. ఆటను అచ్చువేయువారు 1989లో దయ్యము అను మాటను తీసివేసి, అర్థము తెలియని క్రొత్త పేళ్లు పెట్టిరి. 2000లో వెలువడిన కూర్పులో పాత పేళ్లు మరల వచ్చెను. ఈ తీసివేతవలన గాని మరల పెట్టుటవలన గాని ఎవరి ఆత్మకు ఏమి లాభనష్టములు కలిగెనో నాకు కనబడదు. దయ్యము పేరు కాదు, దయ్యము పని చేయు విధము తెలిసికొనవలసినది.

ఆ విధము జారియెల్ కథలో స్పష్టముగా నున్నది. ఈ కథ 2018, 2019 సంవత్సరములలో వచ్చిన గ్రంథములలో విపులముగా చెప్పబడినది. క్లుప్తముగా చెప్పుదును.

ఆ కల్పిత లోకములో నరకమునకు తొమ్మిది అంతస్తులు. మొదటి అంతస్తు పేరు అవెర్నస్. అది యుద్ధభూమి. అక్కడ రెండు జాతుల దుష్టశక్తులు అనాదిగా పోరాడుచున్నవి. ఒక జాతివి కేవలము విధ్వంసమునే కోరును. వాటికి రాజు లేడు, మాట లేదు, క్రమము లేదు. రెండవ జాతివి క్రమము గలవి; వాటికి పదవులు, సైన్యములు, చట్టములు, సంతకములు చేసిన ఒప్పందపత్రములు కలవు. మనుష్యుల ఆత్మలను దోచుకొనరు, వ్రాయించుకొందురు. జారియెల్ మొదట వీరిలోనిది కాదు. ఆమె వెలుగు లోకపు దూత. ఆ యుద్ధమును కనిపెట్టి చూచుచుండుట ఆమెకు నియమింపబడిన పని. చూచుటయే గాని దిగుట కాదు.

ఆమె చూచెను. ఏండ్ల తరబడి చూచెను. ఇంత దుష్టత్వము కన్నులయెదుట జరుగుచుండగా చేతులు ముడుచుకొని యుండుట ఆమెకు దుర్భరమాయెను. ఇరు పక్షములును అలసియున్నవి గదా, పరలోక సైన్యము ఒక్కసారి దిగినయెడల ఈ రెండును అంతమగును గదా యని పైవారితో వాదించెను. వారు సమ్మతింపలేదు. అప్పుడు ఆమె భూలోకమునకు వచ్చి, ఎల్టురెల్ అను పట్టణపు ఆశ్వికులను కూర్చుకొని, వారిని వెంటబెట్టుకొని ద్వారము తెరచి నరకములోనికి దూకెను. మనుష్యులు ఎంతమందియైన ఆ సేనల యెదుట ఏపాటి? సగములో కొందరు భయపడి వెనుకకు పరుగెత్తి, ద్వారము మూసివేసిరి. ముందున్నవారు లోపల చిక్కుకొని నశించిరి. పారిపోయినవారు ఊరు చేరి, నరకముమీదికి పోయిన వీరులమని పేరు పొందిరి; వారి పేరట ఒక గొప్ప దళమే ఏర్పడెను. (ఇది కథలో చిన్న సంగతి. అయినను దీనిని వ్రాసినవారికి మనుష్యులను గూర్చి బాగుగా తెలియునని నాకు తోచినది.)

జారియెల్ గాయములతో పడియుండగా నరకాధిపతియైన అస్మోదియస్ ఆమెయొద్దకు వచ్చెను. అతడు ఆమెను పాపము చేయుమని అడుగలేదు. చెడుతనమును ప్రేమించుమని అడుగలేదు. నీవు కోరిన యుద్ధమే నీకిచ్చెదను, సైన్యము నిచ్చెదను, ఆ విధ్వంసకులను నీ చేతులతోనే నిర్మూలము చేయుము అనెను. ఆమె ఒప్పుకొనెను. అట్లు ఆమె అవెర్నస్‌కు ఏలికయై, రెక్కలు కాలిపోయి, దయ్యములలో దయ్యమాయెను.

ఆమె ఏ ఘడియలో పడిపోయెను? ఒప్పందమునకు సమ్మతించిన ఘడియలోనని మనము తొందరపడి చెప్పుదుము. నేనట్లనుకొనను. ఆశ్వికులను కూర్చిన దినముననే ఆమె పడిపోయినది. మంచి కార్యము కొరకే పోవుచుంటిమని చెప్పి, తాను నమ్మించిన మనుష్యులను ఆమె కట్టెలవలె తన కోపములో వేసెను. వారికి భార్యాబిడ్డలుండిరి, పొలములుండిరి, ఇండ్లుండెను. ఆమె కన్నులకు కత్తులు మాత్రమే కనబడెను. దుష్టుని చూచుచు చూచుచు, దుష్టుని చేతిక్రింద నలుగువానిని చూచుట మానివేసెను. అంతటితో ఆమెకును తన శత్రువునకును భేదము జెండా రంగులో మాత్రమే మిగిలెను. అస్మోదియస్ జెండాను మార్చెను. తక్కినదంతయు ముందే సిద్ధమైయుండెను.

అడవిలో మన ప్రభువునకు వచ్చిన శోధనను ఇక్కడ జ్ఞాపకము తెచ్చుకొనుడి. లోకరాజ్యములన్నియు చూపి, అవి నీకిచ్చెదనని అపవాది పలికినప్పుడు అతడు చూపినది చెడ్డ వస్తువు కాదు. ఆ రాజ్యములు నిజముగా ప్రభువునకు చెందవలసినవే. చెడ్డది త్రోవ మాత్రమే; దగ్గర త్రోవ. సిలువ లేకుండ, ఆలస్యము లేకుండ, ఒక్క నమస్కారముతో. ఎంత మంచి మనస్సుగలవానికి అది అంత గొప్ప శోధన. సోమరికి రాజ్యములేల?

మోషే సంగతియు అట్టిదే. ఐగుప్తీయుడు హెబ్రీయుని కొట్టుట చూచి సహింపలేకపోయెను. అటు ఇటు చూచి, ఎవడును లేడని తెలిసికొని, వానిని చంపి ఇసుకలో దాచెను. అతని కోపములో న్యాయము లేదని ఎవరు చెప్పగలరు? కాని అటు ఇటు చూచుట ఏల? దేవుడు అతనిని నలువది సంవత్సరములు మిద్యానులో గొఱ్ఱెలవెంట నడిపించెను. తరువాత అదే పనిమీద, ఐగుప్తు రాజునొద్దకు పంపెను. ఈసారి అతని చేతిలో నుండినది గొఱ్ఱెల కాపరి కఱ్ఱ. జారియెల్‌కు మిద్యాను దొరకలేదు, లేక దొరికినను ఆమె అక్కడ నిలువలేదు.

అయితే ఈ ప్రశ్నకు లేఖనములలో అన్నిటికంటె దగ్గరి దృష్టాంతము యెహూ యని నా తలంపు. అతనిని గూర్చి మనవారు తక్కువగా ప్రసంగింతురు. కథలో రక్తము ఎక్కువ గనుక కాబోలు.

యెహూ తనంతట తాను లేచినవాడు కాడు. ఎలీషా పంపిన ప్రవక్త అతని తలమీద తైలము పోసెను. అహాబు ఇంటివారి పాపము నిజమైన పాపము. నాబోతు ద్రాక్షతోట అందుకు సాక్షి. యెజెబెలు చేత ప్రవక్తలు నిజముగా హతులైరి. కాబట్టి యెహూ కోపమునకు ఆజ్ఞయు కలదు, హేతువును కలదు. అతడు రథము వెఱ్ఱిగా తోలువాడని దూరమునుండియే కావలివాడు పోల్చెను. యెహోరామును చంపెను. యూదా రాజైన అహజ్యాను చంపించెను. యెజెబెలును కిటికీనుండి పడద్రోయించి, లోపలికి పోయి భోజనముచేసెను. భోజనముచేసెనను ఆ చిన్న మాటను లేఖనము దాచలేదు. అహాబు కుమారులు డెబ్బదిమంది తలలను గంపలలో తెప్పించి, యెజ్రెయేలు ద్వారమునొద్ద రెండు కుప్పలుగా వేయించెను. త్రోవలో అహజ్యా బంధువులు నలువది ఇద్దరు ఎదురుపడిరి. వారు అహాబు కుమారులు కారు, పరామర్శకు వచ్చినవారు. వారినందరిని గోతియొద్ద చంపించెను. పిమ్మట యెహోనాదాబును తన రథమెక్కించుకొని, యెహోవాను గూర్చి తనకుగల ఆసక్తిని వచ్చి చూడుమని పిలిచెను.

ఆసక్తిని చూచుటకు ఒక మనుష్యుని పిలుచుకొనిపోవుట! ఇక్కడనే ఏదో తప్పిపోయినది. ఆ తరువాత బయలును సేవించుటకు పండుగ చేసెదనని కపటముగా చాటించి, వచ్చినవారినందరిని గుడిలో మూసి హతము చేయించెను. బయలు ఆరాధన దేశములో తుడుచుకొనిపోయెను. ఆ అధ్యాయమే కొన్ని వచనముల తరువాత చెప్పునదేమనగా, బేతేలులోను దానులోను ఉన్న బంగారు దూడలను యెహూ ముట్టలేదు. అవి యరొబాము నాటివి, రాజ్యమునకు ఉపయోగపడునవి. ఇతరుని విగ్రహమును మరుగుదొడ్డిగా మార్చినవాడు తన విగ్రహమును తుడిచి నిలువబెట్టుకొనెను. కొన్ని తరములకు హోషేయ ప్రవక్త వచ్చి, యెజ్రెయేలులో చిందిన ఆ రక్తము నిమిత్తమే యెహూ ఇంటివారు శిక్షింపబడుదురని చెప్పెను. తైలముతో అభిషేకింపబడి చేసిన పనికే తరువాత శిక్షయా యని అనేకులు కలవరపడుదురు. పని చేయుమను ఆజ్ఞ వేరు, పనిలో ఒకడు ఆనందముగా మునుగుట వేరు అని నేను దానిని గ్రహించుచున్నాను.

ఇంకొక సంగతి. 1846లో లేయర్డ్ అను ఆంగ్లేయుడు నీమ్రూదు అను చోట త్రవ్వకములు జరిపింపగా, అష్షూరు రాజైన మూడవ షల్మనేసెరు నిలిపిన నల్లరాతి స్తంభము దొరికెను. అది ఇప్పుడు లండనులో బ్రిటిష్ మ్యూజియములో నున్నది. దానిమీద అష్షూరు రాజు పాదములయొద్ద ఒకడు నేలకు వంగి నమస్కరించుచున్నట్లు చెక్కియున్నది. అతడు యెహూ, లేక యెహూ రాయబారి యని కొందరందురు. యెహోవా కొరకు ఎవనిని లక్ష్యపెట్టననిన ఆసక్తిపరుడు వెండి బంగారములు మోయించి తెచ్చి అన్యరాజునకు మ్రొక్కుచున్నాడు. అంతకంటె విచిత్రము, ఆ రాతిమీద అష్షూరు లేఖికుడు అతనిని ఒమ్రీ ఇంటివాడని వ్రాసెను. ఒమ్రీ అహాబు తండ్రి. యెహూ ఎవరి వంశమును పసిబిడ్డ మిగులకుండ నిర్మూలము చేసెనో ఆ వంశపు పేరే అతనికి పెట్టిరి. లేఖికునికి ఇశ్రాయేలు రాజులందరు ఒమ్రీ ఇంటివారే గనుక అట్లు వ్రాసెనని పండితులు చెప్పుదురు, అది నిజమే. అయినను ఆ మాటను చదివిన తరువాత నేను యెహూ కథను మునుపటివలె చదువలేకపోయితిని.

ఇప్పుడు ఎదురు ప్రశ్న వచ్చును. కోపమే చెడ్డదా? అన్యాయము చూచి ఊరకుండుటయే భక్తియా? అట్లయినయెడల మన పల్లెలలో అవమానపడినవారితో, కూలి ఎగగొట్టబడినవారితో, శ్మశానమునకు కూడ చోటు దొరకనివారితో ఏమి చెప్పవలెను? శాంతముగా ఉండుడని చెప్పుట సులభము; అట్లు చెప్పువానికి సాధారణముగా ఆ అన్యాయము జరిగియుండదు. మన ప్రభువు సమాజమందిరములో ఊచచెయ్యిగలవాని నిలువబెట్టినప్పుడు, చుట్టునున్న పరిసయ్యులు నోరు మెదపక కనిపెట్టుచుండిరి. ఆయన వారిని కోపముతోనే చూచెనని మార్కు వ్రాసెను. దానిని మృదువుగా చేయలేదు. కాని అదే వాక్యములో, వారి హృదయకాఠిన్యమునకు ఆయన దుఃఖపడెనని కూడ వ్రాసెను. కోపము ఎవరిమీదనో దుఃఖము వారినిగూర్చియే. ఆ రెండును ఒక్క చూపులో నున్నవి. తరువాత ఆయన చేసిన పని యేమి? పరిసయ్యులను ఏమియు చేయలేదు. వాని చెయ్యి బాగుచేసెను.

జారియెల్‌లో దుఃఖము ఎండిపోయినది, కోపము మిగిలినది. యెహూలో దుఃఖము మొదటనే లేదు. సమరయుల గ్రామముమీద ఆకాశమునుండి అగ్ని పిలిచెదమని యాకోబు యోహానులు అడిగినప్పుడు, వారు కోరినది ప్రభువు గౌరవమునే. పరుండుటకు ఆ ఊరివారు ఆయనకు తావియ్యలేదు గదా. ఏలీయా చేసిన పని తామును చేయగోరిరి. ప్రభువు వారితట్టు తిరిగి గద్దించి, మరియొక గ్రామమునకు నడిచిపోయెను. ఆ ఊరిని గూర్చి లూకా ఇంకేమియు వ్రాయలేదు. అయితే అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయములో సమరయులు వాక్యము నంగీకరించినప్పుడు, వారిమీద చేతులుంచుటకు యెరూషలేమునుండి పంపబడిన ఇద్దరిలో ఒకడు ఈ యోహానే.

మన సంఘములలో ఈ రోగము కనబడు విధము చెప్పుదును. సంఘపు లెక్కలలో మోసము జరుగుచున్నదని ఒకడు లేచును. అతడు చెప్పునది నిజమే. మొదట అతడు విధవరాండ్ర కానుకలను గూర్చి బాధపడును. రెండవ సంవత్సరము వ్యాజ్యము వేయును. మూడవ సంవత్సరము సాక్షులు కావలసివచ్చును, సాక్షులను కూర్చును. నాలుగవ సంవత్సరము తన పక్షమువారికి తప్ప ఇతరులకు వందనము చెప్పడు. పదవ సంవత్సరమున పాత పెద్ద పదవినుండి దిగిపోవును, ఇతడు ఎక్కును, లెక్కల పుస్తకము మరల ఎవరికిని చూపబడదు. ఆ విధవరాండ్రు ఆదివారము ఎప్పటివలె కానుక వేయుచునే యుందురు. ఇది ఏ ఒక్క సంఘమును గూర్చి వ్రాసినది కాదు. చదివినవారు ఎవరి పేరు తలంచుకొందురో అది వారి పని.

ఆటలోని కథకు మరల వత్తము. ఏలికయైన తరువాత జారియెల్ ఏమి చేసెను? తనను విడిచి పారిపోయిన ఎల్టురెల్ పట్టణమును మరువలేదు. కొన్ని తరముల తరువాత ఆ ఊరిని పిశాచములు చుట్టుకొనగా, క్రీగ్ అను అధికారి సహాయము కొరకు రహస్యముగా ఆమెతో ఒప్పందము చేసికొనెను. ఊరిపైన రెండవ సూర్యునివంటి వెలుగు నిలిచెను, పిశాచములు పారిపోయెను, అది దైవానుగ్రహమని జనులు స్తుతించిరి. గడువు ఏబది సంవత్సరములు. గడువు తీరగానే పట్టణమంతయు, దానిని కాపాడుదుమని ప్రమాణముచేసిన యోధులతో సహా, నరకములోనికి ఈడ్వబడెను. గొలుసులతో కట్టబడి, దినదినమును క్రిందికి దిగిపోవుచుండును. ఆ పత్రములో ఒక్క అబద్ధమైనను లేదు. దయ్యము ఈ కథలో అబద్ధమాడదు. చదువకుండ సంతకము చేయువారి కొరకు ఓపికతో కనిపెట్టును.

2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అను కంప్యూటరు ఆటలో కార్లాక్ అను స్త్రీ కలదు. తాను నమ్మిన యజమానుడే ఆమెను జారియెల్‌కు అమ్మివేసెను. ఆమె గుండె తీసివేసి, దాని స్థలములో మండెడు యంత్రము పెట్టి, పది సంవత్సరములు యుద్ధము చేయించిరి. తప్పించుకొని వచ్చినను ఆమె దేహము కొలిమివలె మండుచుండును. ఎవరిని తాకినను వారు కాలుదురు. ఒక్కసారి ఎవరినైన కౌగిలించుకొనవలెనని ఆమె కోరుకొనుచుండును. ఏలిక లోపలి మంట సేవకురాలి రొమ్ములో ఎట్లు కనబడునో దీనికంటె బాగుగా చెప్పుట కష్టము.

2019 గ్రంథములో ఆడువారు ఆ పట్టణమును రక్షించుటకు నరకములోనికి దిగుదురు. వారితోకూడ లులు అను ఒక చిన్న ప్రాణి యుండును. బంగారు వన్నెగల చిన్న ఏనుగు, రెక్కలున్నది. జారియెల్ దూతగా నున్నప్పుడు అది ఆమె తోడు. యుద్ధమునాడు జరిగినదంతయు అది మరచిపోయినది. కథ సాగినకొలది కొంచెము కొంచెముగా జ్ఞాపకము వచ్చును. జారియెల్ ఖడ్గమొకటి ఆమెయొద్దనుండి తప్పిపోయి, నమ్మకమైనవారిచేత దాచబడియుండెను. ఆమె మునుపటి మంచితనములో మిగిలిన నిప్పురవ్వ దానిలో నున్నది. దానిని వెదకి తెచ్చి ఆమె యెదుట ఉంచి మాటలాడినయెడల, ఆమె మనస్సు త్రిప్పుకొని మరల దూతగా మారుట కూడ సాధ్యమే యని గ్రంథకర్తలు వ్రాసిరి. నిశ్చయము కాదు, సాధ్యము.

ఇక్కడ కథయు లేఖనమును వేరుపడును, దీనిని దాచవలసిన పనిలేదు. పాపముచేసిన దూతలు తీర్పువరకు కటిక చీకటిలో బంధింపబడియున్నారని యూదా పత్రికయు, రెండవ పేతురు పత్రికయు చెప్పుచున్నవి. క్రీస్తు దూతల స్వభావమును కాక అబ్రాహాము సంతానపు స్వభావమునే ధరించెనని హెబ్రీ పత్రిక తెలుపుచున్నది. సమస్తమును చివరకు దేవునియొద్దకు చేరునని మూడవ శతాబ్దములో ఓరిగెను తలంచెను. ఆ తలంపు అపవాదికి కూడ వర్తించునని గొప్ప వాదము పుట్టి, 553లో కాన్‌స్టాంటినోపులు మహాసభ కాలమున ఖండింపబడెను. దూత ఏల మారలేడను ప్రశ్నకు పదమూడవ శతాబ్దపు థామస్ అక్వినాసు చెప్పిన జవాబు ఆలోచింపదగినది: దూత మనవలె తడవుకొనుచు, మరచుచు, మరల నేర్చుకొనుచు నిర్ణయించుకొనడు; సమస్తమును ఒక్కసారి గ్రహించి ఎన్నుకొనును గనుక, ఎన్నుకొనినదానినుండి తిరుగడు.

అట్లయిన జారియెల్ నిజమైన దూత కాదు. రెక్కలు తగిలించిన మనిషి. ఆమె విసుగు మనుష్యుల విసుగు, ఆమె వాదము మనుష్యుల వాదము, ఆమెకు మిగిలిన అవకాశమును మనుష్యుల అవకాశమే. మనము మందబుద్ధులము, ఒక్కసారిగా ఏదియు పూర్తిగా కోరలేము, పూర్తిగా గ్రహింపలేము. ఇది మన బలహీనతయని మొఱ్ఱపెట్టుకొందుము గాని, దానివలననే మనకు వ్యవధి దొరకుచున్నది. పేతురు మూడుమారులు బొంకెను. కోడి కూయగానే ప్రభువు చెప్పిన మాట జ్ఞాపకము తెచ్చుకొనెను. కోపముచేత మారిపోయిన మనిషి యొద్దకు తర్కము తెచ్చువారు చాలమంది యుందురు. అతడు మునుపు ఎట్టివాడో జ్ఞాపకము పెట్టుకొని వచ్చువారు తక్కువ.

ఆ ఖడ్గమును పట్టుకొని ఆమె యెదుట నిలిచిన ఆటగాండ్ర సంగతి చూడుడి. వారు అవెర్నస్‌లో ఎంతో దూరము తిరిగియున్నారు. గొలుసులలో వేలాడు ఊరిలోని పిల్లలను చూచియున్నారు. వారికి ఆమెమీద కోపముండవలెను; లేనియెడల వారు మనుష్యులు కారు. కథకుడు వారిని అడుగును, ఇప్పుడు ఆమెతో ఏమి మాటలాడుదురు అని. ఆ కోపము ఒకప్పుడు ఆమెకు ఉండినదే. పొడిచి చంపవచ్చును, మరియొక దయ్యముతో ఒప్పందము చేసికొని ఆమెను పడద్రోయవచ్చును, ఆ త్రోవలన్నియు గ్రంథములో తెరచియున్నవి. లేక, ఊరిని మ్రింగినదానిని క్షమించి పిలువవచ్చును. పిలుచుట సరియని చెప్పుటకు నాకును ధైర్యము చాలదు, ఆ ఊరిలో నా బిడ్డ ఉండినయెడల.

యోనా నీనెవె పట్టణము బయట, తూర్పుతట్టున పందిలి వేసికొని కూర్చుండెను. నీనెవెవారు చేసిన దుష్టక్రియలు కల్పన కాదు. అష్షూరువారి క్రూరత్వమును వారి రాళ్లమీద వారే చెక్కుకొనిరి. ఆ పట్టణము నశించునేమోయని అతడు కనిపెట్టుచుండెను. సొరచెట్టు మొలిచెను, వాడిపోయెను, ఎండ తగిలెను, అతడు చచ్చుట మేలనుకొనెను. కుడి యెడమలు ఎరుగని లక్ష యిరువదివేలకు పైగా జనులున్న ఊరిని, అందులోని పశువులతో సహా, నేను విచారింపవద్దా యని దేవుడు అతనిని అడిగెను. యోనా ఏమని ప్రత్యుత్తరమిచ్చెనో ఆ గ్రంథములో లేదు.